మా ఇంటి స్తంభాల్లో విశాఖ ఉక్కు: వైజాగ్ టీఎంటీ కడ్డీలపై సమీక్ష

చోడవరం దగ్గర మా ఊళ్లో రెండంతస్తుల ఇంటికి 2023 వేసవిలో పునాదులు తవ్వించాను. అప్పటి నుంచి 2024 చివరలో పై శ్లాబు వేసేదాకా నేను కొన్న ఇనుము మొత్తం దాదాపు తొమ్మిదిన్నర టన్నులు. మధ్యలో ఒకసారి మోసపోబోయి వెనక్కి పంపిన సరుకును పక్కన పెడితే, మిగిలినదంతా విశాఖ ఉక్కు కర్మాగారంలో తయారైన వైజాగ్ టీఎంటీ కడ్డీలే. ఇల్లు కట్టబోయేవారు ఏ ఇనుము కొనాలని నన్ను తరచూ అడుగుతున్నారు. ఆ కర్మాగారాన్ని అమ్మేయకుండా కాపాడాలని ఏళ్లుగా సాగుతున్న పోరాటం గురించి కూడా అదే నోటితో అడుగుతున్నారు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉందన్న నమ్మకంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందే చెప్పవలసిన విషయం ఒకటుంది. కర్మాగారం కోసం ఖాళీ చేయించిన 64 గ్రామాల్లో మా మేనమామగారి ఊరు ఒకటి. భూమి, ఇల్లు ఇచ్చేసినందుకు వచ్చిన ఆర్ కార్డు (నిర్వాసితుల పునరావాస కార్డు) మీద ఆయనకు రోలింగ్ మిల్లులో ఉద్యోగం దొరికింది. అక్కడే పని చేసి పదవీ విరమణ చేశారు. కాబట్టి ఈ ఇనుము మీద నాకు మమకారం ఉందనడంలో సందేహం లేదు. అయితే ఆ మమకారం నా తీర్పును వంచకూడదన్న పట్టుదలతోనే ప్రతి లోడునూ తూచి, ప్రతి సర్టిఫికెట్టునూ చదివి, మేస్త్రీ చేత వంచి చూపించుకుని మరీ దించుకున్నాను. మామయ్య కూడా నాకు ఇచ్చిన సలహా ఒకటే: "మా కంపెనీ సరుకని కళ్లు మూసుకుని దించుకోకు రా అల్లుడూ, తూచుకో."

ఇనుము కొట్టుకు వెళ్లినవారు సాధారణంగా ముందు అడిగేది కిలో రేటు. అంతకంటే ముందు అడగవలసింది గ్రేడు. నేను తీసుకున్నది ఎఫ్‌ఈ 500డి. భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం ఇందులోని 500 అంటే, కడ్డీ అడ్డుకోతలో చదరపు మిల్లీమీటరుకు కనీసం 500 న్యూటన్ల లాగుడు పడేవరకు అది శాశ్వతంగా సాగిపోకుండా నిలబడాలని అర్థం. చివరనున్న డి అక్షరం సాగే గుణానికి గుర్తు, ఇల్లు కట్టుకునేవారికి నిజంగా పనికొచ్చే అక్షరం అదే. మామూలు ఎఫ్‌ఈ 500 కడ్డీ తెగే ముందు కనీసం 12 శాతం సాగితే చాలు, 500డి మాత్రం కనీసం 16 శాతం సాగాలి. ఉక్కును పెళుసుగా మార్చే గంధకం, భాస్వరం ఒక్కొక్కటీ మామూలు రకంలో 0.055 శాతం దాకా ఉండవచ్చు, 500డిలో 0.040 శాతం దాటకూడదు. ఈ తేడా రోజూ కంటికి కనిపించదు. భూమి కదిలినప్పుడో, పునాది ఒకవైపు కుంగినప్పుడో సాగే ఇనుమున్న కట్టడం ముందుగా పగుళ్లిచ్చి హెచ్చరిస్తుంది. పెళుసు ఇనుమున్న కట్టడం ఆ వ్యవధి ఇవ్వకుండా కూలుతుంది. నాకు వచ్చిన లోడ్ల టెస్ట్ సర్టిఫికెట్లలో సాగుదల 20 శాతానికి పైనే ఉంది; గంధకం, భాస్వరం రెండూ హద్దుకు బాగా లోపలే ఉన్నాయి.

టీఎంటీ (థర్మో మెకానికల్లీ ట్రీటెడ్) అనే మూడక్షరాలు ఇవాళ ప్రతి గోడ మీదా ప్రకటనల్లో కనిపిస్తాయి గాని, దాని వెనుక పని ఏమిటో చెప్పేవారు తక్కువ. మిల్లులో చివరి రోలర్ల నుంచి ఎర్రగా కాలుతూ బయటికొచ్చే కడ్డీని వెంటనే వేగంగా కొట్టే నీటి ధారల గుండా పంపుతారు. పైపొర ఒక్కసారిగా చల్లబడి గట్టిపడుతుంది. లోపల మిగిలిన వేడి నెమ్మదిగా పైకి పాకి, ఆ గట్టి పొరలోని పెళుసుతనాన్ని తగ్గిస్తుంది. అందుకే మంచి టీఎంటీ కడ్డీ పైన గట్టిగా, లోపల మెత్తగా ఉంటుంది. నీటి ఒత్తిడి, కడ్డీ వేగం, ఉష్ణోగ్రత ఈ మూడూ క్షణక్షణం సరిపోతేనే ఆ పొర కడ్డీ చుట్టూ సమానంగా ఏర్పడుతుంది, లేకపోతే ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా వస్తుంది. మా రాడ్ బెండింగ్ మేస్త్రీకి ఈ శాస్త్రం తెలియకపోయినా ఫలితం చేతికి తెలుసు. స్తంభాల రింగుల కోసం 8 ఎంఎం ఊచల కొనలను 135 డిగ్రీల కొక్కేలుగా లోపలికి వంచమని నేను పట్టుబట్టాను. నాసిరకం ఊచ అంతగా వంచితే వంపు బయటివైపున సన్నని చీలికలు కనబడతాయి. రెండు వేలకు పైగా రింగులు కట్టాక ఆయన నాతో అన్నమాట: "ఈ ఊస ఒంగుద్ది గానీ ఇరగదు బాబూ." ఒక్క రింగులోనూ చీలిక కనబడలేదు.

ఇక తూకం. కడ్డీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలు తూగాలో వస్తుంది. ఇల్లు కట్టుకునే ప్రతివారూ నేర్చుకోవలసిన లెక్క ఇది. ఆ లెక్కన 12 మీటర్ల నిడివి గల 8 ఎంఎం ఊచ 4.74 కిలోలు, 12 ఎంఎం ఊచ 10.67 కిలోలు, 16 ఎంఎం ఊచ 18.96 కిలోలు ఉండాలి. ప్రమాణం కొంత వెసులుబాటు ఇస్తుంది: 10 ఎంఎం వరకు 7 శాతం, ఆపైన 16 ఎంఎం వరకు 5 శాతం, అంతకు మించితే 3 శాతం అటూ ఇటూ ఉండవచ్చు. మా ఊరి రైసు మిల్లు ఎలక్ట్రానిక్ కాంటా మీద నేను పదేసి ఊచలు తూయించాను. పది 12 ఎంఎం ఊచలు 105 కిలోలు, పది 8 ఎంఎం ఊచలు 46 కిలోల చిల్లర తూగాయి. రెండూ హద్దులోనే ఉన్నాయి, ఆ హద్దు అంచుకు కూడా చేరలేదు. తర్వాతి లోడ్లలోనూ ఇదే నిలకడ కనిపించింది. ఒకసారి బాగుండి మరోసారి తేడా కొట్టే సరుకు కంటే, ఎప్పుడు తూచినా ఒకేలా ఉండే సరుకు ఇంజినీరు వేసిన లెక్కను కాపాడుతుంది.

మోసం సంగతి విడిగా, వివరంగా చెప్పాలి, ఎందుకంటే నాలాంటివారు చాలామంది అక్కడే దెబ్బ తింటున్నారు. మొదటి శ్లాబు ముందు మా మామూలు డీలరు దగ్గర 8 ఎంఎం నిల్వ అయిపోవడంతో, దగ్గర్లోని మరో కొట్టులో అడిగాను. "వైజాగ్ ఇనుమేనండీ, నిన్ననే వచ్చింది" అని చెప్పి, కిలోల లెక్కన కాకుండా ఊచల లెక్కన ధర కట్టాడు. లోడు దిగాక పది ఊచలు తూచితే 42 కిలోలు కూడా లేవు, అంటే ఉండవలసిన దానికంటే దాదాపు 12 శాతం తక్కువ. కడ్డీ మీద తయారీదారు గుర్తు కోసం వెతికితే, పేరు తెలియని ఏదో అచ్చు అరిగిపోయి ఉంది. నిలదీస్తే అతను అబద్ధం చెప్పలేదన్నట్టే మాట్లాడాడు: సరుకు వైజాగ్ నగరం నుంచి వచ్చింది నిజమే, విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి మాత్రం కాదు. ఊరి పేరుకూ సరుకు పేరుకూ మధ్య ఉన్న ఈ సందులో ఎంత వ్యాపారం నడుస్తోందో ఆ రోజు తెలిసింది. ఊచల లెక్కన కొన్నప్పుడు సన్నని ఊచ ఇస్తే డబ్బు నష్టం ఒక్కటే కాదు. శ్లాబులో ఊచకూ ఊచకూ మధ్య దూరం కొలిచి పరుస్తాం గనుక, ఆ శ్లాబు జీవితాంతం 12 శాతం తక్కువ ఇనుముతో బతకవలసి వస్తుంది. సరుకు వెనక్కి పంపించి, మా డీలరు దగ్గర నిల్వ వచ్చేదాకా తొమ్మిది రోజులు పని ఆపుకున్నాను. సెంట్రింగ్ అద్దె మీద పడింది గాని, ఆ ఆపుదల గురించి నేను ఎప్పుడూ చింతించలేదు. కొనేవారు కడ్డీ మీది గుర్తు చూడాలి, కట్టకు వేసిన బిళ్ల మీద ఉండే హీట్ నంబరూ (ఒక్కో విడత కరిగించిన ఉక్కుకు ఇచ్చే నంబరు) సర్టిఫికెట్టులోని నంబరూ ఒకటేనో కాదో సరిపోల్చాలి, తూకం లెక్కనే కొనాలి, కాంటా చీటీ అడిగి తీసుకోవాలి.

ధర విషయంలో దాచేదేమీ లేదు. చిన్న మిల్లుల కడ్డీల కంటే నేను కిలోకు నాలుగైదు రూపాయలు ఎక్కువే పెట్టాను, మొత్తం మీద ఇంటికి నలభై వేల రూపాయల పైచిలుకు అదనంగా అయింది. టైల్సుకు, తలుపుల చెక్కడాలకు, గేటు రంగుకు అంతకంటే ఎక్కువ సంతోషంగా ఖర్చు పెట్టే మనం, కాంక్రీటు పోశాక మళ్లీ ఎప్పటికీ మార్చలేని ఒక్క వస్తువు దగ్గర బేరమాడటం నాకు సబబుగా తోచలేదు. తుప్పు గురించి కూడా కొందరు అడుగుతారు. సముద్రపు గాలి తగిలే మా ప్రాంతంలో ఆరుబయట వదిలిన ఏ టీఎంటీ కడ్డీకైనా వారం పది రోజుల్లో పైన ఎర్రని పొడి పడుతుంది. దాన్ని గోనెతో తుడిచి వాడుకోవచ్చు. ఆపైన కడ్డీని కాపాడేది సరైన కవరు (కడ్డీ చుట్టూ ఉండే కాంక్రీటు మందం), చక్కని క్యూరింగ్ (కాంక్రీటును తడిపి ఉంచడం). అంకెల్లో చెప్పమంటే ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు తగ్గించింది కడ్డీకి కాదు, చిన్న పట్టణాల్లో అన్ని సైజులూ అన్ని రోజులూ దొరకకపోవడానికి.

ఈ కడ్డీ ఇలా ఎందుకు ఉందన్న ప్రశ్న దగ్గరే సరుకు కథ ముగిసి కర్మాగారం కథ మొదలవుతుంది. మార్కెట్లో చవకగా దొరికే కడ్డీల్లో చాలా భాగం పాత ఇనుమునూ, ఖనిజాన్ని కరిగించకుండానే ఇనుముగా మార్చిన స్పాంజ్ ఐరన్‌నూ ఇండక్షన్ ఫర్నేసుల్లో, అంటే కరెంటు కొలిముల్లో, కరిగించి చేసినవి. ఆ పద్ధతిలో శుద్ధికి అవకాశం తక్కువ కాబట్టి ముడిసరుకులో ఉన్న మలినం చాలావరకు కడ్డీలోకే చేరుతుంది. విశాఖ ఉక్కు ఖనిజం నుంచి మొదలవుతుంది. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మీద దిగి వస్తుంది, కోకింగ్ బొగ్గు ఓడల్లో విదేశాల నుంచి వస్తుంది, సున్నపురాయి జగ్గయ్యపేట నుంచి, డోలమైటు మాధారం నుంచి, మాంగనీసు గర్భాం నుంచి వస్తాయి. ఏడు మీటర్ల ఎత్తు కోక్ ఓవెన్లలో బొగ్గు కోక్‌గా మారుతుంది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మన నదుల, మన తల్లుల పేర్లు పెట్టుకున్న మూడు బ్లాస్ట్ ఫర్నేసుల్లో ఖనిజం కరిగి ద్రవ లోహమవుతుంది. కన్వర్టర్లలో దాని మీద ఆక్సిజన్ ఊది కర్బనాన్ని, భాస్వరాన్ని కావలసిన హద్దుకు దించుతారు. అక్కడి నుంచి అచ్చు పోసి, మిల్లులో సాగదీసి, నీటి ధారల గుండా పంపితే మా పెరట్లో దిగిన కడ్డీ వస్తుంది. దేశంలో సముద్రతీరాన కట్టిన మొదటి సమగ్ర ఉక్కు కర్మాగారం ఇది. సర్టిఫికెట్టులో గంధకం, భాస్వరం పక్కన కనబడే చిన్న అంకెలు ఈ గొలుసు మొత్తం సక్రమంగా నడిచినందుకు సాక్ష్యం. గొలుసులో ఒక లింకును అమ్మేసి, ఒక విభాగాన్ని బయటివారికి అప్పగించి, ఒక ఫర్నేసును చల్లార్చి అదే సర్టిఫికెట్టును ఆశించలేం.

ఆ కన్వర్టర్ల కోసం ఉన్న ఆక్సిజన్ ప్లాంట్లే 2021 ఏప్రిల్‌లో దేశం ఊపిరి పట్టుకున్న రోజుల్లో ఆసుపత్రులకు అక్కరకొచ్చాయి. దేశంలో మొట్టమొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు ముంబై దగ్గరి కలంబోలి నుంచి ఖాళీ ట్యాంకర్లతో విశాఖకు వచ్చి, ఇక్కడ ద్రవ ఆక్సిజన్ నింపుకుని ఏప్రిల్ 22న మహారాష్ట్రకు బయలుదేరింది. ఆ కర్మాగారాన్ని నూటికి నూరు శాతం అమ్మేయాలని కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం సూత్రప్రాయంగా నిర్ణయించి అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు. గేటు బయట దీక్షా శిబిరం, గేటు లోపల ఆక్సిజన్ నింపే షిఫ్టులు ఒకేసారి నడిచాయి.

ఈ కర్మాగారం ఎవరో కనికరించి ఇచ్చినది కాదు. విశాఖ అనువైన చోటని 1965లో విదేశీ నిపుణుల బృందం చెప్పాక కూడా కేంద్రం తాత్సారం చేస్తుంటే, 1966 అక్టోబరు 15న తమనంపల్లి అమృతరావుగారు విశాఖపట్నంలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. తెన్నేటి విశ్వనాథంగారి వంటి నాయకులు, విద్యార్థులు, అన్ని ప్రాంతాల జనం "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అంటూ వీధుల్లోకి వచ్చారు. రాష్ట్రం ఏర్పడి సరిగ్గా పదేళ్లు నిండిన నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో ప్రాణాలిచ్చినవారు 32 మంది. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించి, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. మొదటి ఫర్నేసు గోదావరి 1990లో వెలిగింది. పి.వి. నరసింహారావుగారు 1992 ఆగస్టు 1న కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. శంకుస్థాపన నాడు పుట్టిన బిడ్డకు ఇరవై ఒక్క ఏళ్లు వచ్చేదాకా ఒక తరం మొత్తం ఎదురు చూసిందన్నమాట.

ఎదురు చూసినవారిలో మామయ్యవాళ్లు మొదటి వరసలో ఉన్నారు. జీడితోటలు, సరుగుడు తోపులు, ఊరి గుడి, శ్మశానంతో సహా అన్నీ వదిలి, పునరావాస కాలనీలో రేకుల ఇంట్లో మొదలుపెట్టారు. ఇచ్చిన ధర ఎంత చిన్నదైనా, ఇంటికొక ఉద్యోగం వస్తుందన్న మాట మీద సంతకాలు పెట్టారు. మామయ్యకు వచ్చింది, ఆయన తోటి ఆర్ కార్డుదారుల్లో వేలమందికి ఇప్పటికీ రాలేదు. వారి పిల్లలకు వయసు మీరిపోతోంది. భూమి ఇచ్చింది ప్రజల కర్మాగారానికి. దాన్ని మరొకరికి అమ్మే హక్కు ఎవరికుందన్న ప్రశ్న వారు వేసినప్పుడు, నాకు తెలిసి ఏ ప్రభుత్వమూ సూటిగా జవాబు చెప్పలేదు.

2021 ఫిబ్రవరి 12 నుంచి కూర్మన్నపాలెం కూడలిలో కార్మిక సంఘాలన్నీ కలిసి రిలే దీక్షలు మొదలుపెట్టాయి. జెండాల రంగులు వేరైనా ఒకే గుడారం కింద కూర్చోవడం ఆ శిబిరం సాధించిన మొదటి విజయం. మార్చి 5న రాష్ట్ర బంద్ జరిగింది, మే 20న శాసనసభ ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఇనుము కొనడానికి గాజువాక వెళ్లినప్పుడల్లా మామయ్యతో కలిసి నేనూ ఆ శిబిరంలో కాసేపు కూర్చున్నాను. రాత్రి షిఫ్టు దిగి నిద్ర కళ్లతో వచ్చిన కార్మికులు, పదవీ విరమణ చేసిన వృద్ధులు, నిర్వాసిత కుటుంబాల ఆడవారు వంతులవారీగా కూర్చునేవారు. 2023 నవంబరులో దీక్షలు వెయ్యి రోజులు దాటాయి. టీవీ కెమెరాలు ఎప్పుడో వెళ్లిపోయాయి, ఎండావానా మాత్రం మిగిలాయి. ఒక మధ్యాహ్నం నా పక్కన కూర్చున్న ఒక ఒప్పంద కార్మికుడు, నా చేతిలోని ఇనుము బిల్లు చూసి, ఏ సైజులు కొన్నానో, రింగులకు వంపు ఎలా వచ్చిందో అడిగి తెలుసుకున్నాడు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని మనిషి, తన చేతి మీదుగా వెళ్లిన కడ్డీ ఎవరింట్లో ఎలా నిలబడిందో అంత శ్రద్ధగా అడగటం నన్ను కదిలించింది. శాశ్వత, ఒప్పంద ఉద్యోగులు కలిపి 30 వేలకు మించిన కుటుంబాల బతుకు ఆనాడు ఈ కర్మాగారంతో ముడిపడి ఉంది. గాజువాక దుకాణాలు, అద్దె ఇళ్లు, లారీల పనులు, అనుబంధ పరిశ్రమలు ఆ లెక్కలోకి రావు.

నష్టాల్లో ఉన్నదాన్ని ఎందుకు నిలబెట్టాలని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నను తోసిపుచ్చకుండా అంకెలతోనే చూడాలి. అమ్మకం నిర్ణయం వెలువడిన తర్వాతి ఆర్థిక సంవత్సరం 2021-22లో ఈ సంస్థ 28 వేల కోట్ల రూపాయలకు పైగా అమ్మకాలు చేసి 913 కోట్ల నికర లాభం తెచ్చింది. 2023-24లో 4,848 కోట్ల నష్టం చూపింది. అదే కార్మికులు, అవే యంత్రాలు, అదే కడ్డీ; మారింది ముడిసరుకు ఖర్చు, వడ్డీ భారం, నిర్వహణ పెట్టుబడికి కటకట. టన్ను ఉక్కుకు టన్నున్నరకు పైగా ఖనిజం కావాలి. దేశంలోని పెద్ద ఉక్కు సంస్థలకు సొంత ఇనుప గనులున్నాయి. విశాఖ ఉక్కుకు పుట్టినప్పటి నుంచీ సొంత ఇనుప గని కేటాయించలేదు, మార్కెట్ ధరకే కొనుక్కోవాలి. సొంత చెరువున్న రైతుతో నీళ్లు కొనుక్కునే రైతును పోటీకి దింపి, రెండోవాడికి వ్యవసాయం చేతకాదనడం న్యాయం కాదు. 2024లో బొగ్గుకూ నిధులకూ కరువొచ్చి మూడు ఫర్నేసుల్లో ఒక్కటే నడిచిన రోజులున్నాయి. బ్లాస్ట్ ఫర్నేసు కొట్టు షట్టరులా దించి ఎత్తేది కాదు, ఏళ్ల తరబడి ఆరకుండా మండవలసిన కొలిమి. ఆర్పితే మళ్లీ వెలిగించడానికి డబ్బూ, నెలల కాలమూ, చెయ్యి తిరిగిన మనుషులూ కావాలి. స్థిర ఖర్చులు మూడు కొలిముల మీద పడవలసినవి ఒక్క కొలిమి మీద పడితే ఏ సంస్థ అయినా నష్టమే చూపుతుంది.

2025 జనవరి 17న కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. అందులో 10,300 కోట్లు వాటా మూలధనం, మిగిలిన 1,140 కోట్లు నిర్వహణ రుణాన్ని ప్రాధాన్య వాటాలుగా మార్చడం. జనవరిలోనే రెండు ఫర్నేసులు, ఆగస్టు నాటికి మూడూ నడపాలన్న లక్ష్యాన్ని ఆ ప్రకటనలోనే పెట్టారు. నాలుగేళ్ల దీక్షలు లేకపోతే ఈ ప్యాకేజీ వచ్చేది కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. దాన్ని తెచ్చినందుకు ఆ గుడారంలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఈ కడ్డీ వాడుతున్న నావంటివాడు చేతులెత్తి నమస్కరించాలి. అయినా ప్యాకేజీ ఊపిరి పోసింది గాని రోగం మూలాన్ని తాకలేదు. సొంత గని రాలేదు, కేంద్ర ప్రభుత్వానిదే అయిన మరో ఉక్కు సంస్థ సెయిల్‌లో విలీనం చేయాలన్న కోరిక తేలలేదు, అమ్మకం నిర్ణయాన్ని రద్దు చేశామన్న మాట కాగితం మీద లేదు. అదే ఏడాది ఒప్పంద కార్మికులను పెద్ద సంఖ్యలో తొలగించడంతో మళ్లీ సమ్మెలు చేయవలసి వచ్చింది. కొలిములను నిలబెట్టి మనుషులను తీసేయడం కర్మాగారాన్ని కాపాడటం కాదు. వాయువు పీడనం చెవితో పోల్చే మనిషి, కడ్డీ ఎరుపు చూసి వేడి చెప్పగల మనిషి బయటికి వెళ్లిపోతే ఆ పనితనం ప్యాకేజీ డబ్బుతో తిరిగి రాదు. మామయ్య ఈ మాట కోపంగా కాదు, దిగులుగా అంటారు.

పోరాటం చేసినవారి మీద గౌరవంతోనే ఒక లోటు చెబుతాను. శిబిరంలోని ఉపన్యాసాల్లో త్యాగం, హక్కు, ద్రోహం అన్న మాటలు ఎంతో బలంగా వినిపించాయి. కడ్డీ మాత్రం దాదాపు వినబడలేదు. ఇల్లు కట్టుకునేవారు, కాంట్రాక్టర్లు, మేస్త్రీలు, స్ట్రక్చరల్ ఇంజినీర్లు ఆ వేదిక మీదికి వచ్చి, ఈ సరుకు ఎందుకు ఉండాలో తూకం చీటీతో, సర్టిఫికెట్టుతో చెప్పి ఉంటే, ఇది ఉద్యోగుల సొంత గొడవ అనే విమర్శ నిలిచేది కాదు. గ్రామాల్లో నకిలీ వైజాగ్ ఇనుమును పట్టించే ప్రచారం, రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ నిర్మాణాల్లో ఈ ఉక్కు వాడాలన్న ఒత్తిడి, చిన్న పట్టణాలకు డిపోలు కావాలన్న కోరిక, ఇవన్నీ కూడా పరిరక్షణలో భాగమే. దీక్షలో కూర్చునే వీలు లేని వారు చేయగలిగిన పని కూడా ఇందులో ఉంది. నేను మా ఊళ్లో ఇప్పటికి ఆరు ఇళ్లవారికి 162 లెక్క నేర్పాను. వారిలో నలుగురు వైజాగ్ టీఎంటీయే కొన్నారు, మిగిలిన ఇద్దరు వేరే మంచి కంపెనీ ఇనుము కొన్నా తూచుకుని కొన్నారు.

పై శ్లాబు మీద మూడో అంతస్తు కోసం తొమ్మిది స్తంభాల ఊచలను నాలుగడుగుల చొప్పున పైకి వదిలి, సిమెంటు పాలు పూసి ఉంచాము. మా అబ్బాయి ఉద్యోగంలో కుదురుకున్నాక అక్కడ రెండు గదులు వేయాలని ఆలోచన. 16 ఎంఎం ఊచకు అతుకు వేసినప్పుడు దాని వ్యాసానికి యాభై రెట్లు, అంటే 80 సెంటీమీటర్లు, పాత ఊచ పక్కన కొత్త ఊచ నడవాలని ఇంజినీరు రాసిచ్చారు. దానికి మూడు టన్నుల లోపు ఇనుము సరిపోతుంది. డీలరుకు ఇప్పుడే చెప్పి ఉంచాను: అదే గ్రేడు, అదే కర్మాగారం, హీట్ నంబరు చూసే దించుకుంటానని. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ మూడూ అప్పటికి మండుతూనే ఉండాలని, వాటి దగ్గర మా ఆర్ కార్డు కుటుంబాల పిల్లలు కూడా నిలబడి ఉండాలని, ఆ పాలు పూసిన ఊచల పక్కన బట్టలు ఆరేసినప్పుడల్లా మా అమ్మ అనుకుంటూ ఉంటుంది.